మూడో చరణానికి ముందు

దేవకుమార్‌కి ఎడమ చెవి వినపడదు. ఏడో ఏట గవదబిళ్ళలు వచ్చాయి. జ్వరం తగ్గింది గానీ చెవి తిరిగి రాలేదు. నరసాపురంలో మాస్టారు ఎడమవైపు నుంచి పిలిస్తే పలకలేదని దెబ్బలు తిన్నాడే తప్ప, వినపడదని నోరు విప్పి చెప్పలేదు. దాచుకోవడం అప్పుడు అలవాటైంది.

ఇప్పుడతనికి నలభై ఎనిమిదేళ్ళు. మిషిగన్‌లో ట్రాయ్ ఊళ్ళో ఉంటాడు. కార్ల సీట్లూ తలుపులూ చేసే కంపెనీలో, వాటిలోంచి వచ్చే కిర్రుకిర్రులూ గలగలలూ పట్టుకోవడం అతని పని. ఒంటిచెవి మనిషికి అదేం ఉద్యోగం అనిపించవచ్చు. కానీ అతని కుడి చెవి అలాంటిది. ఏ చప్పుడు విన్నా అది ప్లాస్టిక్కా, స్ప్రింగా, వదులైన మరా అన్నది వెంటనే చెప్పేస్తాడు. ఎటునుంచి వస్తోందో మాత్రం తెలీదు. అందుకని కారు చుట్టూ తిరుగుతూ, తల వంచి వంచి వెతుకుతాడు. చూసేవాళ్ళు అదతని పద్ధతి అనుకుంటారు.

ఇంట్లో భార్య ప్రేమజ్యోతికీ, పదహారేళ్ళ కూతురు ఎలీనాకీ అతని చెవి సంగతి తెలుసు. బయటివాళ్ళలో తెలిసింది చైతన్య ఒక్కడికే.

చైతన్యది హనుమకొండ. దేవకుమార్ కంటే తొమ్మిదేళ్ళు చిన్న. అదే కంపెనీలో సాఫ్ట్‌వేర్ వైపు ఉండేవాడు. ఒకరోజు లంచ్ దగ్గర దేవకుమార్ ఏదో పాత ఇంగ్లిష్ రాక్ పాట కూనిరాగం తీస్తుంటే, పక్క బల్ల మీంచి వంగి "అన్నా, గది మోనోల వేరే తీరుగ ఉంటది, తెల్సా?" అన్నాడు. ఆ మాటతో మొదలైంది స్నేహం.

మోనో అన్న మాట దేవకుమార్‌కి చాలా ఇష్టమైన మాట. డెట్రాయిట్‌లో ఎమ్మెస్ చదివే రోజుల్లో అతను లైబ్రరీలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అరవైల నాటి ఆల్బమ్ ఒకటి విన్నాడు. డ్రమ్స్, బేస్ గిటార్ తప్ప ఏమీ లేవు. రూమ్‌కి వచ్చి "గాయకుడే లేకుండా భలే చేశార్రా" అంటే రూమ్మేట్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. గొంతు మొత్తం ఎడమ చెవి వైపు పెట్టారని తర్వాత తెలిసింది. స్టీరియో కొత్తగా వచ్చిన రోజులవి. గొంతుని ఒక చెవికి, వాయిద్యాల్ని ఇంకో చెవికి పంచేసేవారు. బ్యాండువాళ్ళు దగ్గరుండి, రోజుల తరబడి సరిచూసుకున్నది, పాటంతా రెండు చెవులకీ ఒకేలా వచ్చే మోనోనే. స్టీరియోని ఆ తర్వాత ఎవరో ఒక పూట కూర్చుని ముగించేవారు. అందుకే ఒకే ఆల్బమ్ రెండు రకాలుగా ఉంటుంది. ఒకదాంట్లో ఉన్న దగ్గు రెండోదాంట్లో ఉండదు. ఒకదాంట్లో పాట తొందరగా ఆగిపోతుంది, రెండోదాంట్లో ఇంకాస్త దూరం నడుస్తుంది. మొదటిసారి మోనో రికార్డు విన్ననాడు పాటంతా, గొంతుతో సహా, అతని ఒక్క చెవిలోకే వచ్చింది. ఆ రోజు లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు.

ఈ సంగతి కూడా చైతన్యకే చెప్పాడు.

తొమ్మిదేళ్ళపాటు ప్రతి శనివారం మధ్యాహ్నం చైతన్య వచ్చేవాడు. దేవకుమార్ ఇంటి బేస్‌మెంట్‌లో ఒకే ఆల్బమ్ మోనోది, స్టీరియోది పక్కపక్కన పెట్టుకుని పాట పాటా పోల్చేవారు. స్టీరియో తిరుగుతున్నప్పుడు చైతన్య గాలిలో చేత్తో చూపించేవాడు. "గిటార్ నీకు వినబడని దిక్కుకు పోయిందన్నా. ఆగు, ఇప్పుడు మధ్యలకొస్తున్నది." తేడాలన్నీ దేవకుమార్ రూళ్ళ పుస్తకంలో తెలుగులో రాసేవాడు. అలాంటివి నాలుగు పుస్తకాలు నిండాయి.

ఆరేళ్ళ కిందట హేజెల్ పార్క్‌లో ఒక ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తూ సామాన్లు అమ్ముతుంటే ఇద్దరూ వెళ్ళారు. గరాజ్‌లో తడిసిన అట్టపెట్టె అడుగునుంచి చైతన్య ఒక రికార్డు తీశాడు. "అన్నా, ఇది చూడు" అని ఇచ్చాడు. 'కోల్‌యార్డ్ లాంప్స్' అని పెద్ద పేరు రాని ఇంగ్లిష్ బ్యాండ్, 1967. దేవకుమార్ అట్టని చొక్కాకి తుడిచి, రికార్డుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఆల్బమ్‌ని అసలు మోనోలో కొన్ని వందలే అచ్చువేశారు. ఆ తర్వాత కంపెనీ శ్రమ తగ్గించుకుంది. స్టీరియో టేపునే రెండు పక్కలూ కలిపేసి, మోనో అని చెప్పి అమ్మింది. అట్ట అదే, లేబుల్ అదే. రికార్డు మధ్యలో, లేబుల్ పక్కన గీసిన నంబర్‌లో చివరి అంకె మాత్రం మారుతుంది. అసలుదానికి ఒకటి, కలిపేసినదానికి నాలుగు.

చెవికి ఇంకో గుర్తుంది. నాలుగో పాటలో, మూడో చరణానికి ముందు, డ్రమ్మర్ చేతిలోంచి పుల్ల జారి నేలమీద పడుతుంది. గాయకుడికి నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే చరణం ఎత్తుకుంటాడు. అసలు మోనోలో దాన్ని అలాగే ఉంచారు. స్టీరియోలో ఆ చప్పుడూ లేదు, నవ్వూ లేదు. చైతన్య దగ్గర కలిపేసిన రకం ఒకటుండేది. దాన్నీ దీన్నీ పక్కన పెట్టి ఆ పూట ఆ ఒక్క పాటే పదిసార్లు విన్నారు. పుల్ల పడ్డప్పుడల్లా ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

ఆ తర్వాత దేవకుమార్ ఆ రికార్డుని ఎక్కువగా తీసేవాడు కాదు. గీతలు పడతాయని భయం.

పోయిన ఫిబ్రవరిలో కంపెనీ మనుషుల్ని తీసేసినప్పుడు చైతన్య ఉద్యోగం పోయింది. "సిక్స్‌టీ డేస్ అన్నా. హెచ్‌వన్ మీదున్నోనికి అంతే. అంతల దొరకకుంటే ప్యాక్ చేసుకోవాలె" అన్నాడు. అతని భార్య చంద్రిక, పిల్లల చదువులేం కావాలంటూ, ప్రేమజ్యోతి ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది. దేవకుమార్ తెలిసిన ప్రతి మేనేజర్‌కీ చైతన్య రెజ్యూమె పంపాడు. ఆదివారం తెలుగు చర్చిలో లేచి నిలబడి, నా తమ్ముడి కోసం ప్రార్థన చేయండి అని అడిగాడు. ఆరోవారంలో ఆబర్న్ హిల్స్‌లో ఇంకో కంపెనీలో చైతన్యకి ఉద్యోగం వచ్చింది. ఆ ఆదివారం దేవకుమార్ మళ్ళీ లేచి కృతజ్ఞత చెప్పాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఎలీనా బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చింది. "నాన్నా, నిజంగా డిఫరెన్స్ ఉంటుందా? లేకపోతే మీరిద్దరూ ఊరికే అంటారా?" అంది.

దేవకుమార్‌కి పండగయింది. ఈ పిల్ల ఎన్నడూ అడగని ప్రశ్న. కోల్‌యార్డ్ లాంప్స్ రికార్డు తీసి, జాగ్రత్తగా తుడిచి, నాలుగో పాట దగ్గర ముల్లు దించాడు. "ఇప్పుడు విను. రెండో చరణం అయిపోతుంది. పుల్ల పడుతుంది. పడగానే నవ్వుతాడు."

రెండో చరణం అయిపోయింది. గిటార్ వచ్చింది. గాయకుడు మామూలుగా, నిదానంగా మూడో చరణం ఎత్తుకున్నాడు.

"ఎక్కడ?" అంది ఎలీనా.

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రాలేదు. స్పీకర్‌కి కుడి చెవి ఆనించి మూడోసారి విన్నాడు. ఏమీ లేదు. పాట మొత్తమే గుడ్డ కప్పినట్టుంది.

"ఇట్స్ ఓకే నాన్నా" అని ఎలీనా అతని భుజం తట్టి పైకి వెళ్ళిపోయింది. ఆ తట్టడంలో జాలి ఉంది. దేవకుమార్ అక్కడే కూర్చుండిపోయాడు. రికార్డు మారిందేమోనన్న ఆలోచన అతనికి రానేలేదు. తన ఇంట్లో, తన అరలో, తన అట్టలో ఉన్న రికార్డు అది. మారితే చెవే మారి ఉండాలి. ఎలీనాకంటే ఇలాంటివి పట్టే అలవాటు లేదు, తనకి వినపడాలి కదా. ఉన్న ఒక్క చెవీ పోతోందని అనుకున్నాడు.

చైతన్యకి ఫోన్ చేశాడు. పుల్ల వినపడలేదని చెప్పాడు.

"అన్నా, నేను రేపొస్త. ఇద్దరం కలిసి విందాం. పరేషాన్ గాకు" అన్నాడు చైతన్య.

మర్నాడు వచ్చాడు. ఇద్దరూ ఎప్పటిలాగే పాత సోఫాలో కూర్చున్నారు. చైతన్య కుడివైపు. పాట తిరిగింది. రెండో చరణం అయింది. చైతన్య చెయ్యి వచ్చి దేవకుమార్ భుజం మీద పడింది.

"ఇగో, పడ్డదన్నా. పుల్ల. నవ్విండు గూడ." ఆగి, అతని మొహంలోకి చూశాడు. "వినబడలేదా?"

దేవకుమార్ తల అడ్డంగా ఊపాడు.

"ఒక్కసారి చెవి చూపించుకోరాదన్నా. ఏజ్ వస్తున్నది గదా."

ఆ తర్వాతి మూడు వారాలు ఎలా గడిచాయో ప్రేమజ్యోతికి తెలుసు. అతను పొద్దున లేస్తూనే చెవి దగ్గర చిటిక వేసుకునేవాడు. షవర్ చప్పుడు తగ్గిందా, ఫ్రిజ్ మూలుగు తగ్గిందా అని అడిగేవాడు. ఆఫీసులో ఒక సీటులో చిన్న కిర్రు వినిపిస్తే, అది ఉందో తన భ్రమో తేల్చుకోలేక పక్కవాణ్ణి పిలిచాడు. పదిహేడేళ్ళలో ఎన్నడూ పిలవలేదు. పూర్తిగా చెవుడొస్తే ఉద్యోగం సంగతి తర్వాత, ఎలీనా గొంతు ఎలా ఉండేదో గుర్తుంటుందా అని ఒకరోజు అడిగాడు. ప్రేమజ్యోతి అతని కుడి చెవి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

చెవి డాక్టర్ దగ్గరికి చైతన్యే తీసుకెళ్ళాడు. తన కొత్త ఉద్యోగంలో సెలవు పెట్టి మరీ. "నువ్వు డ్రైవ్ చెయ్యకన్నా, టెన్షన్‌ల ఉన్నవ్" అన్నాడు. దారిలో కాఫీ కొనిచ్చాడు. దేవకుమార్ కళ్ళు చెమర్చాయి. తోడబుట్టినవాడు కూడా ఇంత చేయడనుకున్నాడు.

చిన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టి, గడ్డిపరకంత సన్నని చప్పుళ్ళు వినిపించి, వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నలభై నిమిషాలు పట్టింది. పరీక్ష చేసినామె కాగితం చూపిస్తూ, ఎడమ చెవి సంగతి మీకు తెలిసిందే, కుడి చెవి మాత్రం మీ వయసువాళ్ళలో నేను చూసిన మంచి చెవుల్లో ఒకటి అంది. ఏమీ తగ్గలేదా అని రెండుసార్లు అడిగాడు. పదేళ్ళ కిందట ఇంకో చోట చేయించుకున్న పరీక్ష కాగితం వెంట తెచ్చాడు. ఆమె రెండూ పక్కన పెట్టి చూపించింది. గీత అలాగే ఉంది.

బయటికి వస్తే చైతన్య కుర్చీలోంచి లేచాడు. "ఏమన్నరు?"

"బానే ఉందంట."

ఆ క్షణం చైతన్య మొహం వెలగలేదు. దేవకుమార్ ఆ మొహం కోసం చూస్తున్నాడు, సంతోషం పంచుకుందామని. అక్కడ అది లేదు.

"మషీన్ల టెస్ట్ వేరే, మ్యూజిక్ వేరే అన్నా" అన్నాడు చైతన్య, కారు తాళాలు వెతుక్కుంటూ. "ఇంకో డాక్టర్‌కి గూడ చూపిద్దాం."

దారంతా దేవకుమార్ వెలగని ఆ మొహం గురించే ఆలోచించాడు. ఇంటికి రాగానే బూట్లు విప్పకుండా బేస్‌మెంట్‌లోకి దిగాడు. రికార్డు తీసి, ఫోన్ లైట్ వేసి, లేబుల్ పక్కన గీసిన నంబర్ చూశాడు. చివరి అంకె నాలుగు.

లైట్ దగ్గరగా పెట్టి మళ్ళీ చూశాడు. నాలుగే.

రికార్డు పోయిందన్న బాధ ముందు రాలేదు. భుజం మీద పడిన చెయ్యి గుర్తొచ్చింది. ఇగో, పడ్డదన్నా. అక్కడ లేని పుల్ల చైతన్యకి వినపడింది. తనకి తెలిసిన మనుషుల్లో ఎవరు అబద్ధమాడినా పట్టేవాడేమో గానీ, చెవి విషయంలో అతను చైతన్యని తన చెవి కంటే ఎక్కువ నమ్మాడు. రికార్డుని అట్టలో పెట్టేశాడు. మెట్ల మీద కూర్చున్నాడు.

శనివారం పొద్దున చైతన్య ఇంటికి వెళ్ళాడు. చంద్రిక తలుపు తీసి, "రండి అన్నయ్యా, దోసెలేస్తున్నా" అంది. "తర్వాత తింటానమ్మా, చైతన్యని ఒకసారి బయటికి పంపు" అన్నాడు. చైతన్య డ్రైవ్‌వేలోకి వచ్చాడు. దేవకుమార్ రికార్డు అతని చేతిలో పెట్టాడు.

"ఇది నీది. నాది ఎక్కడ?"

చైతన్య బుకాయించలేదు. రికార్డుని అటూ ఇటూ తిప్పాడు. "డగ్లస్ దగ్గరున్నది" అన్నాడు చివరికి. డగ్లస్ అంటే అతని కొత్త కంపెనీ డైరెక్టర్. "వీడియో ఇంటర్వ్యూల నా వెనక రికార్డులు చూసిండు. మాటల్ల పడ్డం. ముప్పై ఏండ్ల సంది దీని కోసం తిరుగుతున్నా అన్నడు. నాకు ఇరవై రెండు రోజులే మిగిలినయన్నా. చంద్రిక రోజూ ఏడుస్తున్నది. నువ్వు చాయ్ కోసం పైకి పోయినప్పుడు..."

"ఏ రోజు?"

"మార్చ్‌ల. నువ్వు చర్చిల ప్రేయర్ పెట్టించినవ్ గదా, దాని ముందు రోజు."

దేవకుమార్ కారుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ డబ్బాల దాన్ని చూసింది నేనే గదన్నా" అన్నాడు చైతన్య. "నా చేత్తోని తీసి నీకిచ్చిన. ఆ రోజు నీ మొహం చూసి, నాది అని అనలేకపోయిన."

"అయితే అడగాల్సింది కదయ్యా."

"అడుగుదామనే అనుకున్న. ధైర్యం రాలే. నువ్వు దాన్ని ఏడాదికొక్కసారి గూడ తియ్యవు. తీసినా..." ఆగిపోయాడు.

"తీసినా?"

"ఒక్క చెవితోని అంత పట్టవనుకున్న."

పక్కింటి ఆయన గడ్డి కోసే మిషన్ స్టార్ట్ చేశాడు. ఆ మోతలో వినపడాలని దేవకుమార్ దగ్గరగా వచ్చాడు.

"తొమ్మిదేళ్ళు నా పక్కన కూర్చుని విన్నావు" అన్నాడు దేవకుమార్. "నేనేం పడతానో, ఏం పట్టనో నీకు తెలీదా? సరే, అది పోనీ. ఉద్యోగం కోసం చేశావు, పోనీ. నేను ఫోన్ చేసిన రోజున చెప్పొచ్చుగా? వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, పుల్ల పడ్డదన్నావు. నేను చెవిటోణ్ణయిపోతున్నానని మూడు వారాలు నిద్రపోలేదు. నువ్వే కాఫీ కొనిచ్చి మరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళావు. ఎలా చేతులొచ్చాయయ్యా నీకు?"

చైతన్య ఏడుస్తున్నాడు. "భయమైందన్నా. ఒక్క అబద్ధం చెప్పిన, ఇగ ఆపనీకి రాలే. డాక్టర్ ఏదో ఒకటి అంటడు, ఏజ్ అంటడు, నువ్వు ఊకుంటవనుకున్న. డగ్లస్‌ని అడిగి తెస్త. దొంగతనం చేసిన అని చెప్త. జాబ్ పోతే పోనీ."

"వద్దు" అన్నాడు దేవకుమార్. "నీ పిల్లల భారం ఇప్పుడు నా మీద పెట్టకు."

చంద్రిక తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఆమెకేమీ తెలీదని ఆమె మొహమే చెబుతోంది. దేవకుమార్ ఆమెకి చెయ్యి ఊపి కారెక్కాడు.

సోమవారం ఆఫీసులో మేనేజర్ లిండా గదికి వెళ్ళి, తలుపు వేసి, తన ఎడమ చెవి ఏడేళ్ళ వయసునుంచీ వినపడదని చెప్పాడు. అది ఇప్పుడెందుకు చెప్పాడో ఆమెకి వివరించలేదు. తన రహస్యం తెలిసిన బయటి మనిషి ఒక్కడే. ఆ మనిషి చేతిలో ఇంక దాన్ని ఉంచలేడు, అంతే.

లిండా కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "నాలుగేళ్ళ క్రితం ఫైర్ అలారం మోగితే నువ్వు దాని వైపే పరిగెత్తావు. అప్పుడే అనుకున్నా" అంది. "నీకు చెప్పాలనిపిస్తే చెప్తావులే అని ఊరుకున్నా. ఇంతకీ ఆ తలుపు రిపోర్ట్ ఈ వారం వస్తుందా?"

వస్తుందని చెప్పి బయటికి వచ్చాడు. నలభై ఏళ్ళు మోసిన బరువు అయిదు నిమిషాల్లో దిగింది. తేలిగ్గా అనిపించాలి. అనిపించలేదు. ఈ సంగతి ముందుగా చెప్పాల్సిన మనిషి ఎవరా అని ఆలోచిస్తే, ఇంకా చైతన్యే గుర్తొచ్చాడు. అదీ అతనికి కోపం తెప్పించింది.

చైతన్య రెండు మెసేజీలు పెట్టాడు. దేవకుమార్ జవాబివ్వలేదు. సంగతి తెలిశాక చంద్రిక ప్రేమజ్యోతికి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఆడవాళ్ళిద్దరూ ఇప్పటికీ మాట్లాడుకుంటారు, దేవకుమార్ ఇంట్లో లేనప్పుడు. ఆగస్టులో చైతన్యవాళ్ళు ఆఫీసు దగ్గరగా ఉంటుందని ఇల్లు మారారు. సామాన్లు సర్దడానికి ప్రేమజ్యోతి వెళ్ళింది, అతను వెళ్ళలేదు.

ఆమె తిరిగి వచ్చేసరికి అతను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాడు. ఆమె అతని కుడిపక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒకటడుగుతాను, కోప్పడకండి. చైతన్య ఆరోజు వచ్చి, అన్నా, ఆ రికార్డు ఇస్తే నాకు ఉద్యోగం వస్తుంది అని అడిగుంటే ఇచ్చేవారా?"

దేవకుమార్ కత్తి ఆపాడు. తప్పకుండా ఇచ్చేవాణ్ణి అనబోయాడు. ఈ రెండు నెలలూ మనసులో చైతన్యతో పోట్లాడినప్పుడల్లా ఆ మాటే అన్నాడు. ఇప్పుడు భార్య ముందు అది నోటికి రాలేదు.

"ఇచ్చేవాణ్ణి కాదేమో" అన్నాడు.

"మరి?"

"కాదని నా నోటితో అననివ్వాల్సింది జ్యోతీ. అని, తర్వాత సిగ్గుపడి, నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణేమో. అదేదీ నాకు ఉంచలేదు వాడు."

ప్రేమజ్యోతి ఇంకో కత్తి తీసుకుని, మిగిలిన బెండకాయలు తన ముందుకి లాక్కుంది.